బాటిల్లో ఉన్నది బోరు నీళ్ళు

అధికారి గారికి,

క్వారీ గుంతలోంచి మోటారు పెట్టి మా కాలువలోకి తోడుతున్న నీళ్ళ మీద మీరిచ్చిన పరీక్ష రిపోర్టును నిన్న పంచాయతీ ఆఫీసులో చదివాను. ఆ నీళ్ళు సాగుకే కాదు, తాగడానికి కూడా పనికొస్తాయని రాశారు. ఆ కాగితం చూపించి క్వారీ వాళ్ళు రెండో పైపు వేస్తున్నారు. మా నారుమడి మాత్రం తెల్లటి రాతిపొడి పట్టి, చివర్లు మాడిపోయి ఉంది.

ఇదెలా జరిగిందని, మా కాలువకు నీళ్ళు వదిలే మునెయ్యను నిలదీశాను.

"ఆ సారు కారే దిగలేదమ్మా. అద్దం దించి బాటిల్ చేతికిచ్చి, నీళ్ళు పట్టుకొని రమ్మన్నాడు. ఎండలో పడి వచ్చినాడే, దప్పికయిందేమోనని మా ఇంటి బోరు నీళ్ళు పట్టిచ్చినాను," అన్నాడు. బాటిల్‌ను రెండుసార్లు కడిగాడట కూడా.

మీరు దాని మీద మా కాలువ పేరు, తేదీ, టైము రాసుకుని వెళ్ళిపోయారు. ఆ కాలువ ఏ పక్కన పారుతుందో మీకు ఇప్పటికీ తెలియదు.

సోమవారం అర్జీల రోజున ఈ ఉత్తరం నకలు కలెక్టరు గారికి ఇస్తున్నాను. ఈలోపు మీరే వచ్చి, కారు దిగి, పైపు కింద నీళ్ళు మీ చేత్తో పట్టుకోండి.

తప్పును మునెయ్య మీదికి నెట్టాలని మాత్రం చూడకండి. మిమ్మల్ని దాహంతో వచ్చిన మనిషి అనుకున్నాడు. ఆయన పొరపాటు అదొక్కటే.

ఇట్లు,
ఆ పైపు కింద మొదటి మడి రైతు