బూట్లకు అంటించిన స్టిక్కర్

డ్రై ఫోర్క్, నెబ్రాస్కా
జనవరి 23

ప్రియమైన లవొన్,

నువ్వు పంపిన నారింజలు అందాయి. షుగరు మనిషి ముందు పెట్టానని మా ఆయన డ్వేన్ అలిగాడు. అలుగుతూనే రెండు తినేశాడు. నువ్వు రిటైరయ్యాక స్కూలు డిస్ట్రిక్టు లెక్కలకు వేరే మనిషిని పెట్టలేదు. ఆ పని కూడా నా నెత్తినే పడింది.

ఇప్పుడు అసలు సంగతి. నాకు పీకల మీదికి వచ్చింది. పోయిన వారం మన ఆడపిల్లల బాస్కెట్‌బాల్ బస్సు మంచు తుఫానులో హైవే మీద ఆగిపోయింది. పిల్లలందరూ మోటెల్ దాకా నడవాల్సి వచ్చింది. రొసాల్బా అనే పిల్ల కాన్వాసు బూట్ల అడుగు ఊడిపోయింది. వాళ్ల నాన్న పశువుల దాణా యార్డులో పని చేస్తాడు. కోచ్ కెండ్రా కుర్రది, భయపడిపోయి పక్కనున్న దుకాణంలో ఆ పిల్లకు మంచు బూట్లు కొన్నది. కొన్నది డిస్ట్రిక్టు క్రెడిట్ కార్డుతో. ఆ కార్డు మీద ఉన్నది నా పేరు. ఇచ్చి పంపింది నేనే. ఇన్నేళ్లూ అందరికీ ఇచ్చినట్టే ఇచ్చాను.

బట్టలూ చెప్పులూ సొంత ఖర్చు కిందికి వస్తాయట. సూపరింటెండెంట్ ప్రెస్కాట్ నన్ను పిలిచాడు. డబ్బు నేను కట్టేస్తానన్నాను. ఆయన నవ్వి, నువ్వు రాసిన నిబంధనల పుస్తకం తీసి చదివాడు. "తిరిగి కట్టినా తప్పు తప్పే. మీ స్నేహితురాలే రాసిందండీ మార్లిస్ గారూ, నన్నేం చెయ్యమంటారు?"

ఆయన కోపం బూట్ల మీద కాదని నీకు తెలుసు. సదస్సులకు వెళ్లి తిన్న విందులకు ఆయన మొత్తం సొమ్ము మాత్రమే ఉన్న చీటీ తెస్తాడు. ఏమేం తిన్నారో, ఏమేం తాగారో ఉన్న బిల్లు తెమ్మని వెనక్కి పంపాను. అలా పంపమని నేర్పింది నువ్వే.

బోర్డు సమావేశంలో నా ఉద్యోగం తేలుస్తారు. ఉద్యోగం పోతే ఇన్సూరెన్స్ పోతుంది. ఇన్సూరెన్స్ పోతే డ్వేన్ ఇన్సులిన్‌కు దిక్కులేదు. ఒక్క సాయం చెయ్యి. దారిలో ఇరుక్కుంటే ముందు కొనండి, తర్వాత అడగండి అని నువ్వు మా అందరికీ చెప్పేదానివి. ఆ ఒక్క ముక్క కాగితం మీద రాసి బోర్డుకు పంపు. ఆ మాట ఏ రోజు పుట్టిందో మనిద్దరికీ తెలుసు.

నీ
మార్లిస్

*

యూమా, ఆరిజోనా
ఫిబ్రవరి 2

ప్రియమైన మార్లిస్,

నీ ఉత్తరం చదివి రాత్రంతా నిద్ర పట్టలేదు. ఆ ప్రెస్కాట్ మొదటినుంచీ అంతే. చెయ్యి కలిపేటప్పుడు కూడా మన మొహం చూడడు.

ఇక్కడ ఎండ బాగుంది. ట్రైలర్ ఇళ్ల పార్కులో అందరూ మనలాంటి వాళ్లే. సాయంత్రం పేకాట, ఆదివారం ప్యాన్‌కేకులు. మా ఆయన మెర్ల్ ఉండి ఉంటే మురిసిపోయేవాడు. అతను పోయాక డిస్ట్రిక్టు పెన్షన్ ఒక్కటే నాకు ఆధారం, అది కూడా నెల చివరికి సరిపోదు. పాత బ్యూయిక్ కారు మాత్రం ఇంకా నమ్మకంగా తిరుగుతోంది.

నేను అలా అన్నానా? అని ఉండొచ్చు. మాటల్లో ఎన్నో అంటాం కదా. కానీ పుస్తకంలో లేదు కదే. అయినా కార్డు వేరేవాళ్ల చేతికి ఎందుకిచ్చావు? ఎవరి పేరుంటే వాళ్లదే బాధ్యత అని మొదటి పేజీలోనే రాశాను. తిట్టడం లేదు, బాధతో అంటున్నాను. బోర్డుకు ఏం రాయాలో ఆలోచించుకోనివ్వు.

డ్వేన్‌ను అడిగానని చెప్పు.

ప్రేమతో
లవొన్

*

డ్రై ఫోర్క్
ఫిబ్రవరి 14

ప్రియమైన లవొన్,

వచ్చే సోమవారమే సమావేశం. నీ ఉత్తరం బోర్డుకు ఇంకా అందలేదు. ఆలోచించుకోవడానికి ఇందులో ఏముందే? అన్న మాట అన్నానని రాయడానికి అంతసేపా?

కెండ్రా నీళ్లు నములుతోంది. వచ్చే ఏడు ఆమె కాంట్రాక్టు కూడా ప్రెస్కాట్ చేతిలోనే ఉంది, నేను ఆ పిల్లను ఏమీ అనను. కిరాణా కొట్టులో మనుషులు నన్ను చూసి పక్క వరసలోకి తిరుగుతున్నారు. చర్చిలో బెర్నీస్ అయితే పైకే అడిగేసింది: "ఏమ్మా, స్కూలు కార్డుతో షాపింగ్ చేశావటగా?" నాకు షాపింగ్ సరదా ఉంటే ఆ పిల్లకు ఎరుపు రంగువి కొనిపించేదాన్ని అన్నాను. ఎవరూ నవ్వలేదు.

ఇంకో విడ్డూరం విను. ఆటలు జరిగే స్కూలు జిమ్ గేటు దగ్గర టికెట్టుకు ఇక నగదు తీసుకోరు, కార్డు గీకాల్సిందే, పైన రుసుము కూడా. పాపం ముసలి ఎల్మర్ మనవరాలి ఆట చూద్దామని వచ్చి, చేతిలో నోటు పట్టుకుని చలిలో నిలబడ్డాడు. నా కార్డు గీకి లోపలికి పంపాను. నా సొంత కార్డేలే, కంగారు పడకు.

ఎదురుచూస్తూ
మార్లిస్

*

యూమా
ఫిబ్రవరి 17

ప్రియమైన మార్లిస్,

బోర్డుకు ఉత్తరం ఈ ఉదయమే త్వరిత టపాలో పంపాను. ప్రెస్కాట్ ఇక్కడికి ఫోన్ చేశాడు. మర్యాదగానే మాట్లాడాడు. నా హయాంలో జరిగిన కార్డు ఖర్చులు కూడా తిరగేయాల్సి వస్తుందేమో అన్నాడు.

నేను పుస్తకంలో ఉన్నదే రాశాను. నన్ను అర్థం చేసుకో. ఒంటరిదాన్ని.

ఎప్పటికీ నీ
లవొన్

*

డ్రై ఫోర్క్
మార్చి 3

ప్రియమైన లవొన్,

ప్రియమైన అని చెయ్యి అలవాటుగా రాసేసింది. ఉండనీలే.

నీ ఉత్తరాన్ని బోర్డు అధ్యక్షుడు పైకి చదివాడు. "అటువంటి మినహాయింపు నేను ఎవరికీ, ఎన్నడూ ఇవ్వలేదు." అందమైన వాక్యం. నీ నిబంధనలన్నీ అలాగే ఉంటాయి, సందు ఉండదు. ప్రెస్కాట్ తల వంచుకుని బాధ నటించాడు. నా ఉద్యోగం తీసేశారు. ఈ నెలాఖరుతో ఇన్సూరెన్స్ ఆగిపోతుంది. డ్వేన్ సీసాలో మందును వెలుతురుకు పెట్టి ఎంతుందో చూసుకుంటున్నాడు. నాకు తెలియకుండా కొంచెం తగ్గించి పొడుచుకుంటున్నాడు.

మెర్ల్ ఆపరేషన్ రోజు కూడా, మొన్న బస్సు ఆగిపోయినప్పటిలాంటి తుఫానే. నార్త్ ప్లాట్ ఆసుపత్రికి వెళ్లే దారిలో నీ బ్యూయిక్ టైర్లు పేలిపోయాయి. టైర్ల షాపులో నీ సొంత కార్డు పని చెయ్యలేదు. ఫోన్లో ఏడ్చావు: "మెర్ల్‌ని లోపలికి తీసుకెళ్లిపోతారే, నా మొహం కూడా చూడకుండా వెళ్లిపోతాడే." సంచీలో డిస్ట్రిక్టు కార్డుంది కదా అన్నాను. ముందు కొను, తర్వాత అడుగు అన్నాను. అది నా మాట లవొన్. నీకోసం పుట్టిన మాట. తర్వాత దాన్ని నువ్వు అందరికీ పంచావు. ఆ ఖర్చును స్కూలు వ్యాను టైర్లని రాశావు. నీ సంతకం పక్కన నేనూ సంతకం పెట్టాను. ఆ సంగతి మళ్లీ ఎన్నడూ ఎత్తలేదు.

సమావేశంలో అడిగారు, చెప్పుకోవలసింది ఏమైనా ఉందా అని. ఉంది. నాలుక చివరిదాకా వచ్చింది. నీ పెన్షన్ గుర్తొచ్చింది. లేదండీ అన్నాను. దానికి ఇప్పుడు నా మీద నాకే ఒళ్లు మండుతోంది.

మర్నాడు రొసాల్బా ఆఫీసుకు వచ్చింది. బూట్లు డిస్ట్రిక్టు ఆస్తి, తిరిగి ఇచ్చెయ్యాలి అని వాళ్లింటికి కబురు పంపారట. అడుగున మట్టి లేకుండా కడిగి, కాగితంలో చుట్టి తెచ్చింది. కాళ్లకు పాత కాన్వాసు బూట్లే, అడుగుకు టేపు చుట్టి ఉంది. "మిస్, నేను వీటిని ఎక్కువ వాడలేదు. వీటివల్లేనా మీ ఉద్యోగం పోయింది?" అని అడిగింది. కాదని చెప్పాను. నమ్మలేదు.

నా ఆఖరి పని ఏమిటో తెలుసా? ఆ బూట్లకు స్టిక్కర్లు అంటించడం. కుడి కాలుకు ఒకటి, ఎడమ కాలుకు ఒకటి. డిస్ట్రిక్టు ఆస్తి, అమ్మరాదు, బయటికి తీసుకుపోరాదు. స్టోర్ రూమ్‌లో పాత ప్రొజెక్టర్ పక్కన పెట్టి తాళం వేశాను.

వేసవిలో వస్తానని రాశావు కదా పోయిన ఏడు. వస్తే బ్యూయిక్ నా ఇంటి ముందు ఆపకు. దాని టైర్లకు స్టిక్కర్ అంటించడం నేను మరిచిపోయాను.

మార్లిస్