మొదటి ఆదివారం పస్తు

చిత్తూరు, జూన్ 10

ప్రియమైన భవితకు,

నీ ఫోను సునీల్‌కుమార్ తిరగేస్తాడన్నావు కదా, అందుకే శ్రీసిటీలో మీ ఫ్యాక్టరీ చిరునామాకు రాస్తున్నాను. నెలకోసారి పలకరించి రమ్మని మన మార్మన్ క్రైస్తవ సంఘం నాకప్పగించిన ఇళ్లలో మీది ఒకటి. పోయిన నెల తిరుపతిలో మీ ఇంటికి వచ్చినప్పుడు, నీ మొగుడి దెబ్బలకు కమిలిపోయిన వీపు చూశాక ఊరుకోలేకపోయాను. ఆడవాళ్ల హక్కుల గురించి ఇరవై ఏళ్లుగా రాస్తున్నదాన్ని, ఎట్లా ఊరుకుంటాను? ఈ వారం పత్రికలో నా వ్యాసంగా నీ కథ వచ్చింది. భయపడకు. నిన్ను సరళను చేశాను, మీ ఊరిని కర్నూలు చేశాను, అతన్ని బస్సు కండక్టరును చేశాను. మీ అమ్మ చదివినా నిన్ను పోల్చుకోలేదు.

నీ నవీనక్క

శ్రీసిటీ హాస్టలు, జూన్ 29

ప్రియమైన అక్కా,

పేరు మార్చావు, ఊరు మార్చావు, ఉపవాసం మాత్రం మార్చలేదు. నెల మొదటి ఆదివారం రెండు పూటలు పస్తుండి, సాయంత్రం అన్నం ముందు కూర్చున్న పెళ్లాం నెత్తిన మొగుడు పళ్లెం బోర్లించాడని రాశావు. సునీల్‌కుమార్ రెండుసార్లు చదివాడు. “మొదటి ఆదివారం పస్తుండేటోళ్లు ఈ పక్క ఇంకెవురుండారు? మన సంఘం పన్నెండిండ్లోళ్లమే. పళ్లెం బోర్లించింది నేనే” అన్నాడు. నన్ను బయటికి నెట్టి తలుపేసుకున్నాడు. మూడేళ్ల పాపను పూతలపట్టులో తన తల్లి దగ్గర ఉంచాడు. దాన్ని చూసి పదిహేను రోజులయింది.

ఎవరికో ఒకరికి చెప్పుకోకపోతే బతకలేనని నీకు చెప్పుకున్నాను. రాయమని కాదు.

భవిత

చిత్తూరు, జూలై 6

నా చిన్న చెల్లెలికి,

నీ ఉత్తరం చదివినప్పటి నుంచీ నాకు అన్నం సహించడం లేదు. తప్పు నాదే. ఆ వాక్యం బాగా కుదిరిందని ఉపవాసం సంగతి కొట్టేయలేకపోయాను.

నిన్న సునీల్‌కుమార్ మా ఇంటికొచ్చాడు. “అంతా కల్పించి రాసినానని ఒక కాగితం రాసియ్యక్కా. రేపే బిడ్డను దాని దగ్గర ఇడిసిపెట్టి వస్తా” అన్నాడు. రాసిచ్చాను. భవిత ఒంటి మీద నేను ఏ దెబ్బా చూడలేదని రాసి సంతకం పెట్టాను. నా ఇన్నేళ్ల రాత కంటే పాప ఎక్కువ. పాప వచ్చిందా? ఒక్క ముక్క రాయి.

నీ అక్క

శ్రీసిటీ, జూలై 24

నవీనక్కకు,

పాప రాలేదు. నీ మీది కోపంతో చెప్పలేదు గానీ, బిడ్డను ఇప్పించమని కోర్టుకు వెళ్లాను. నిన్న వాళ్ల వకీలు నీ కాగితం జడ్జి చేతికిచ్చి, ఆ వ్యాసం రాసినావిడే దెబ్బలు లేవని చెబుతోందన్నాడు. కోర్టు వరండాలో పాప నన్ను చూసి వాళ్లవ్వ కొంగు చాటుకు పోయింది. పేరు పెట్టి పిలిచినా రాలేదు. “మరిసిపోయిందిలేమ్మా నిన్ను” అంది వాళ్లవ్వ.

సాక్షి ఉంటే ఆగస్టు ఏడున తెమ్మన్నారు. నా వీపు చూసినదానివి నువ్వొక్కదానివే. నీ మీద కోపం పోలేదు. అయినా రా.

భవిత

చిత్తూరు, జూలై 28

తల్లీ భవితా,

వస్తున్నాను. అబద్ధం రాసి సంతకం పెట్టానని జడ్జి ముందు చెబుతాను. మరి నీ రాతల్లో నిజమేదని వాళ్ల వకీలు అడుగుతాడు. పత్రికవాళ్లకు ముందే చెప్పేశాను. ఇక నా వ్యాసాలు వేసేది లేదన్నారు. దానికి ఏడుపు రాలేదు.

రెండు మాటలాడినదాన్ని జడ్జి నమ్ముతాడో లేదో. నమ్మకపోతే పాప నీకు దక్కదు. ఆ పాపం నాది, క్షమించమని అడగను. ఏడో తేదీ తొమ్మిదింటికే కోర్టు గేటు దగ్గర ఉంటాను. నాతో మాట్లాడకపోయినా సరే, పక్కన నిలబడనివ్వు.

నవీన