మాట అందించే మనిషి

రత్నం,

నువ్వు పోయి నేటికి ఏడాది. అప్పటినుంచి మన పాప బడికి వెళ్లడం లేదు, నాతో మాట్లాడడమూ లేదు. ఈవేళ ఇద్దరం, పిల్లల మనసు కష్టాలు వినే బెంగాలీ దీదీ దగ్గరికి వెళ్లాం. ఆమెకు తెలుగు బాగా వచ్చు. బల్ల వెనక కూర్చోకుండా కుర్చీ మా పక్కకు లాక్కుంది.

"దీదీ, నాను బడికెల్లనని నాన్నకి సెప్పండి," అంది పాప.

"ఎందుకెల్లదో ఏటో అడగండి," అన్నాను నేను.

దీదీ నవ్వింది. "నాచేత అడిగిస్తారేం దాదా? మీరే అడగండి. తర్వాత ముగ్గురం కలిసి దారి వెతుకుదాం."

పాప నావైపు చూసింది. నేను దీదీవైపు చూశాను. నువ్వున్నన్నాళ్లూ దాని మాట నాకు, నా మాట దానికి అందించింది నువ్వే కదా.

మన ఇంటి దగ్గరి పూరీ గేట్ దాకా పాప ముందు, నేను వెనక నడిచాం. ఇంటికొచ్చాక, పాపను అన్నానికి పిలవమని నీతో చెప్పబోయి వంటింటి వైపు తిరిగాను.