లేచి నిలబడిన టెంకాయ

పులివెందుల,
ఏప్రిల్ 3.

నావికుల సంక్షేమ కేంద్రం మాధవి మేడమ్ గారికి బోరు లారీ అబ్దుల్ వాహిద్ సలాములు చెప్పి రాయునది.

ఫోన్లో చెప్పింది ఫైలుకు ఎక్కదన్నారు కాబట్టి రాస్తున్నాను. జమ్మలమడుగులో ఉండే మా అక్క దిల్షాద్‌బీకి ఒక్కడే కొడుకు, జావేద్. సరుకుల ఓడలో ఇంజను రూములో పని. స్పానరు పట్టుకోవడం నా లారీ మీదే నేర్చినాడు. ఆ ఓడ మీ రేవుకు ఎదురుగా లంగరేసి యాభై రోజులైంది. యజమాని ఫోనెత్తడం మానేశాడంట. వారం నుంచి పిల్లోడి ఫోను కూడా పలకడం లేదు. మా అక్క కంచం ముందు కూర్చుని "వాడు తిన్యాడో ల్యాదో కనుక్కోరా" అని ఏడుస్తాంది. వాణ్ని ఇంటికి పంపించండి.

ఇట్లు,
లారీ వాహిద్

తా.క.: మా అక్క వాడికి అన్నంలో కలుపుకోను రెండు కేజీల చెనిక్కాయల పొడి పంపింది. ఓడకు డోర్ నంబరు లేదని కొరియరు అతను తిప్పి పంపినాడు.

*

రేవు గేటు, నెల్లూరు జిల్లా,
ఏప్రిల్ 7.

శ్రీ వాహిద్ గారికి నమస్కారాలు.

నిన్న పడవలో ఓడ దగ్గరికి వెళ్లి వచ్చాం. ఇరవై ఇద్దరూ క్షేమం. జావేద్‌కు కొత్త సిమ్ కార్డు ఇచ్చాం గానీ అక్కడ సిగ్నలు దొరకడం కష్టం. బదులు మనుషులు రాకుండా ఓడను వదిలి దిగడానికి చట్టం ఒప్పుకోదు. వాళ్లను రప్పించే పనిమీదే ఉన్నాం. అసలు ఇబ్బంది మంచినీళ్లు. డీజిల్ అయిపోయి, ఉప్పునీళ్లను మంచినీళ్లు చేసే యంత్రం ఆగిపోయింది. ఇంకా తొమ్మిది రోజులకు సరిపడా నీళ్లున్నాయి. ఆలోపు నీళ్ల పడవ పంపుతాం. మీరేమీ చేయనక్కర్లేదు.

భవదీయ,
మాధవి, సంక్షేమాధికారి

తా.క.: "మామను కంగారు పడొద్దని చెప్పండి. పడితే లారీ తీస్తాడు" అన్నాడు జావేద్. రెండో మాట నాకు అర్థం కాలేదు.

*

ఏప్రిల్ 9.

మేడమ్ గారికి వాహిద్ సలాములు.

చుట్టూ నీళ్లే, తాగడానికి నీళ్లు లేవంటే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పైనీళ్లు ఉప్పగా ఉంటే కిందికి పోవాల. మా పక్క ఉప్పు తగిలితే కేసింగు పైపు దించి దాన్ని మూసేసి ఇంకా లోతుకు వేస్తాం. లింగాలలో పదకొండు వందల అడుగులకు నీళ్లు చూపించిన లారీ ఇది. సముద్రం ఎన్ని అడుగుల లోతో చెబితే అన్ని పైపులు ఎక్కువ తెస్తా. ఓడ పక్కనే బోరు వేసేస్తాం.

బోరు ఎక్కడ వేయాలో ఆ పాయింటు చూడడానికి లింగాల ఆదినారాయణప్ప వస్తున్నాడు. చీనీ తోట రైతు, మీ పక్క బత్తాయి అంటారు. అరచేతిలో టెంకాయను పడుకోబెట్టి నడుస్తాడు. కింద నీళ్లుంటే టెంకాయ లేచి నిలబడుతుంది. శానా గట్టి చెయ్యి. మేం బయలుదేరే లోపల జవాబు రాయండి.

వాహిద్

తా.క.: ఈ ఉత్తరం నేనే తెచ్చి ఇస్తున్నా. లారీ గేటు కాడ ఉంది.

*

రేవు గేటు,
ఏప్రిల్ 10.

వాహిద్ గారికి,

గేటు దగ్గర మిమ్మల్ని వెనక్కి పంపినందుకు మన్నించాలి. ఏం పనిమీద వచ్చారంటే మీరు "ఓడకు బోరు ఎయ్యాల" అన్నారట. ఆ పనికి రిజిస్టరులో గడి లేదని కాపలా అధికారి ఇప్పటికీ నన్ను తిడుతున్నాడు.

మీరు బతిమాలారు కదా అని ఆదినారాయణ గారిని మా పడవ ఎక్కించుకోవడం నా తప్పే. రేవు దాటగానే టెంకాయ లేచింది. ఓడ దాకా నిలబడే ఉంది, తిరుగు ప్రయాణంలోనూ పడుకోలేదు. "యాడ జూసినా పాయింటేనమ్మా! ఇంగ నేనేం జెప్పేది?" అని ఆయన తల పట్టుకున్నారు. ఒడ్డుకొచ్చాక మా పెరట్లో బాదం చెట్టు దగ్గర మరోసారి లేచింది. నేను పట్టించుకోలేదు. మా బోరు ఎండిపోయి ఏడాదైంది, క్యాను నీళ్లే ఇచ్చి పంపాను.

దయచేసి ఇక మాకు వదిలేయండి.

మాధవి

తా.క.: నీళ్ల పడవలో నీళ్లు తోడిపోసే మోటారు కాలిపోయింది. చెన్నై నుంచి కొత్తది రావడానికి పది రోజులు పడుతుంది. ఓడలో నీళ్లు ఆరు రోజులకే ఉన్నాయి. మీ అక్కగారికి చెప్పకండి.

*

ప్రొద్దుటూరు,
ఏప్రిల్ 14.

మేడమ్!

ముందు రాయాల్సిన మాట చివర రాస్తారా? మోటారు కాలితే చెన్నై ఎందుకు? ఎండాకాలం మా పులివెందులలో కాలని మోటారు ఉండదు. నేను ఫోన్లో చెప్పింది మీ ఫైలుకు ఎక్కకపోయినా నీళ్ల పడవ నడిపే సరంగుకు ఎక్కింది. వెంటనే మోటారు విప్పి ప్రొద్దుటూరు బస్సులో వేశాడు.

ఇక్కడ అమీర్ బాషా అంగడిలో కొత్త రాగితీగ చుట్టించాం. ఆయన నాలుగు రోజులన్నాడు. మా అక్క అంగడి మెట్టు మీద కూర్చుని "ఇది తిరిగేదాంక నేను లెయ్యను. ఆడ నా కొడుకు గొంతెండుతాండాది" అనింది. పాపం, ఆయన టీకి కూడా లేవకుండా ఒక్కరోజులో చుట్టేశాడు. ఈ ఉత్తరం మోటారుకే కట్టి పంపుతున్నా. త్వరగా బిగించండి. నాకు కూడా భయంగా ఉంది.

వాహిద్

తా.క.: మా అక్కకు చెప్పొద్దన్నారు. నేను చెప్పలేదు. మీ ఉత్తరం ఆమే చదివింది.

*

రేవు గేటు,
మే 2.

అన్నయ్య వాహిద్ గారికి, మాధవి నమస్కారాలు.

ఆ రోజు మోటారు తిరిగి ఓడలోకి నీళ్లు పారుతుంటే అందరూ బిందెల మీద పడ్డారు. జావేద్ మాత్రం ఆ చప్పుడు వింటూ నిలబడి, "ఇది మా ప్రొద్దుటూరు చుట్టుడే" అని భోరున ఏడ్చాడు. ఫోన్లో ఆ సంగతి చెప్పలేకపోయాను, నాకూ ఏడుపు వచ్చింది.

బదులు మనుషులు వచ్చారు. నిన్ననే జావేద్ ఒడ్డుకు దిగాడు, మా కేంద్రంలోనే ఉన్నాడు. బస్సు టికెట్టు ఇస్తే తీసుకోలేదు.

ఇక ఇది అధికారిక విన్నపం. ఓడలు దిగి వచ్చిన వాళ్లకు ఇక్కడ స్నానానికి చెంబెడు నీళ్లు ఇవ్వలేకపోతున్నాం. బాదం చెట్టు దగ్గర బోరు వేయించాలని జావేద్ ఓడలోని ఇరవై ఇద్దరూ సంతకాలు చేశారు. నాకు టెంకాయ మీద నమ్మకం లేదు. మీ మీద ఉంది. పై ఆఫీసు అనుమతి వచ్చింది, గేటు రిజిస్టరులో కొత్త గడి కూడా గీయించాను. దయచేసి కంగారు పడి లారీ తీయండి.

మీ చెల్లెలు,
మాధవి

తా.క.: "మామ లారీ వస్తే బోరులో చెయ్యేసి, దాంట్లోనే మా అమ్మ కాడికి పోతా" అంటున్నాడు జావేద్. అంతదాకా ఎందుకు, అక్కగారినే లారీ ఎక్కించుకు రండి. చెనిక్కాయల పొడి మరిచిపోవద్దని చెప్పండి. మాకు డోర్ నంబరు ఉంది.