పేరు విప్పిన చొక్కా

కస్తూరి అక్కకు, నీ చెల్లెలు వాసంతి కాళ్ళకు మొక్కి రాసుకునే ఉత్తరం. నేనూ నీ మరిదీ ఇక్కడ బాగానే ఉన్నాం. నువ్వూ, బావా, నీ మోకాలి నొప్పీ ఎలా ఉన్నారు? నొప్పిని కూడా ఇంట్లో మనిషిలాగా అడుగుతున్నానని నవ్వకు. పోయినసారి ఫోనులో నీకంటే అదే ఎక్కువ మాట్లాడింది.

ఫోనుండగా ఈ ఉత్తరమేమిటని అనుకుంటావు. ఫోనైతే నువ్వు స్పీకర్లో పెడతావు, బావ పక్కనే ఉంటాడు, మగ్గాల చప్పుడులో సగం మాట వినపడదు. ఈసారి చెప్పాల్సింది అరిచి చెప్పే మాట కాదు. నువ్వు ఒక్కదానివే కూర్చుని చదువుకో.

వార్డు ఆఫీసు అమ్మాయి అడిగిన కాగితానికి జవాబు కూడా ఇందులోనే రాస్తాను. రేషను కార్డులో వేలిముద్ర వేయని పేర్లు రెండే మిగిలాయనీ, నాదీ, ఇల్లు విడిచిపోయిన మన తమ్ముడు కుమారుదీ తీసేయాలంటే అక్కచెల్లెళ్ళం ఇద్దరం ఒప్పుకుని రాసివ్వాలనీ చెప్పావు. "తొమ్మిదేండ్లయింది కదక్కా, సనిపోయినాడని పెట్టేస్తే పని సులువు" అని ఆ అమ్మాయి అన్నదని కూడా చెప్పావు. నేను పొయ్యి మీద పాలు పెట్టానని అబద్ధం చెప్పి ఫోను పెట్టేశాను. అప్పటినుంచి నీకు దొరకకుండా తిరుగుతున్నాను. ముందు ఇక్కడి సంగతులు రాయనీ, అసలు మాటకు అవే తీసుకుపోతాయి.

ఇక్కడ ఇప్పుడు ఎండలే. రాత్రి భోజనాల వేళకు కూడా పొద్దు పోదు. చలికాలమంతా మూతికి ఉన్ని గుడ్డ కట్టుకుని తిరిగిన మనుషులు ఇప్పుడు బనీన్లతో తిరుగుతున్నారు. నీ మరిది హోటల్లో ఇడ్లీకి గిరాకీ పెరిగింది, పచ్చడిలో కారం మాత్రం వీళ్ళ కోసం చంపేస్తున్నాడు. ఇంట్లో రాగిపిండి దొరికిన రోజు సంగటి కెలుకుతున్నాను. తింటున్నాం, బాగానే ఉన్నాం, దిగులు పెట్టుకోకు.

నా కుట్టుపని హాకీ మైదానంలోనే. మన బడిలో మట్టి మీద ఆడిన హాకీ కాదు, కాళ్ళకు కత్తుల్లాంటి చెప్పులు కట్టుకుని మంచుగడ్డ మీద ఆడేది. మా జట్టు కింది మెట్టు జట్టు. ఇక్కడ బాగా ఆడితే పై జట్టు పిలుస్తుంది, ఆడకపోతే ఇంటికే. చొక్కా మీద గుడ్లగూబ బొమ్మ ఉంటుంది. అమ్మ బతికుంటే ఆ చొక్కాను గడప తొక్కనిచ్చేది కాదు. వీపు మీద నంబరు, దాని పైన ఆటగాడి ఇంటిపేరు. ఆ పేర్లు కుట్టేదీ, విప్పేదీ నేనే.

ఎండాకాలం ఆటలు లేవు కాబట్టి పని ఉండదనుకునేవు. పేర్లు విప్పే పనంతా ఇప్పుడే. ఆఫీసు నుంచి జాబితా వస్తుంది. ఫలానావాడితో ఒప్పందం అయిపోయింది, ఫలానావాణ్ణి పై జట్టు తీసుకుంది, ఫలానావాణ్ణి వేరే ఊరి జట్టుకు ఇచ్చేశాం అని ఉంటుంది. పోయిన నెల మా గోల్ కాపలాదారుణ్ణి ఇచ్చేశారు. బదులు ఎవరిని తీసుకున్నారని వాల్టర్‌ను అడిగాను. వాల్టర్ అంటే చొక్కాలూ కర్రలూ చూసుకునే పెద్దాయన, నాకు పని చెప్పేది ఆయనే. "ఎవర్నీ లేదు, తర్వాత ఎప్పుడో ఏదో ఇస్తారట" అన్నాడు. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది వీళ్ళ బేరం. నవ్వొచ్చింది. ఆ పిల్లవాడు మాత్రం పెళ్ళాంబిడ్డలను కారెక్కించుకుని పోయే ముందు నా దగ్గరికొచ్చి, విప్పేసిన తన పేరు గుడ్డముక్క అడిగి తీసుకున్నాడు. ఆ తర్వాత నవ్వు రాలేదు.

అక్కా, పేరు విప్పినా పోదు. కుట్లు తీసేశాక సూది బెజ్జాలు వరసగా నిలబడతాయి. ఆ పేరున్నంత మేర గుడ్డ రంగు కూడా కొత్తగా ఉంటుంది, చుట్టూ వెలిసిపోయి ఉంటుంది. కిటికీ వెలుగుకు పెట్టి చూస్తే ప్రతి అక్షరమూ చదువుకోవచ్చు. వేడినీళ్ళలో నానబెట్టి, ఇస్త్రీ చేసి, గోటితో గీకి బెజ్జాలు పూడుస్తాను. కొన్ని పూడుతాయి, కొన్ని పూడవు.

వేసవిలో మంచును కరిగించేస్తారు. మంచు గడ్డకట్టించే యంత్రం ఆటలున్నన్నాళ్ళూ గుయ్యిమంటూనే ఉంటుంది. దాన్ని ఆపిన రోజు మధ్యాహ్నం నేను కుట్టుమిషను దగ్గరున్నాను. ఉన్నట్టుండి చప్పుడు ఆగిపోయింది. మన నగరిలో కరెంటు పోయి వీధి వీధంతా మగ్గాలు ఒక్కసారి ఆగిపోయినట్టు, అదే నిశ్శబ్దం. నా వెనక ఎవరో నిలబడ్డారని అనిపించింది. తిరిగి చూస్తే తగిలించిన చొక్కాలు, భుజాలు వెడల్పుగా, తలకాయలు లేకుండా. పట్టపగలు, ఎండ లోపలికి పడుతోంది, అయినా లేచి లైట్లన్నీ వేశాను. ఆ రోజు నుంచి ఆ నిశ్శబ్దం నన్ను వదలడం లేదు. ఎందుకో నాకు తెలుసు. నీకు తెలియదు.

ఆ చొక్కాల్లో పదిహేడో నంబరు ఒకటి. ఆ పిల్లవాడి ఇంటిపేరు రాయను, అది వాళ్ళది. ఆటలు అయిపోగానే గదికి తాళం వేసి పోయాడు. ఇంటికి పోలేదు, ఫోను ఎత్తడం లేదు. ఆఫీసులో అందరూ వాడి సంగతి అయిపోయిందన్నట్టే మాట్లాడుకున్నారు. జాబితా ఇంకా నా చేతికి రాలేదు. మనిషే లేడు, పేరెందుకు అనుకుని నా అంతట నేనే వాడి పేరు విప్పేశాను. పని ముందే ముగించానని సంతోషపడ్డాను కూడా.

రెండు రోజులకు జాబితా వచ్చింది, ఒకటి కాదు రెండు కాగితాలు. ఒకటి తీసేసే పేర్లది. రెండోది ఉంచుకునే పేర్లది. వచ్చే ఏడు వస్తాడో రాడో చెప్పకపోయినా, ఆట మానేశానన్నా, అసలు జవాబే ఇవ్వకపోయినా, కొందరి పేర్లు జట్టు తన దగ్గరే ఉంచుకుంటుంది. వాడు ఎప్పుడు తిరిగొచ్చినా ముందు ఈ జట్టు తలుపే తట్టాలి. ఆ రెండో కాగితంలో పదిహేడో నంబరు ఉంది. వాల్టర్ చొక్కా చూసి ఏమీ తిట్టలేదు. ఆయన అన్నది మన మాటలో రాస్తున్నాను. "మనిషి యాడుండాడో తెలీకపోతే ఏమ్మా, పేరు ఈడే ఉంటాది. మనమై మనం తియ్యగూడదు."

ఆ వారమే వాడి తల్లి వచ్చింది. నాలుగు గంటలు ఒక్కతే కారు నడుపుకుని వచ్చిందట. మన తిరువళ్ళూరు అత్త వయసు ఉంటుంది. కొడుకు ఎవరికైనా ఏమైనా చెప్పాడేమోనని ఒక్కొక్కరినీ అడిగింది. ఎవరికీ ఏమీ చెప్పలేదు. చివరికి వాడి చొక్కా ఒకసారి చూస్తానంది. వాల్టర్ నా వైపు చూశాడు. నేను ఇంకా పేరు తిరిగి కుట్టలేదక్కా. ఆమె చేతుల్లో ఖాళీ వీపు పెట్టాల్సి వచ్చింది.

ఆమె ఏడవలేదు. వేళ్ళతో ఆ బెజ్జాల మీద తడుముకుంటూ పోయి, "మీరు కూడా తీసేసినారా?" అని అడిగింది. అంతే. నేను తప్పు నాదని చెప్పాను. నాకొచ్చిన ఇంగ్లీషంతా కూడబలుక్కుని, కాగితం రాకముందే నేనే తొందరపడ్డానని, వాడి పేరు ఈ జట్టులోనే ఉందని చెప్పాను. ఆమెను పక్కన కుర్చీలో కూర్చోబెట్టి అప్పుడే కుట్టడానికి కూర్చున్నాను. మిషను మీద కాదు, చేత్తోనే. పాత బెజ్జాల్లోంచే, ఒక్క బెజ్జం కూడా తప్పకుండా. మూడు గంటలు పట్టింది. ఆమె లేచి పోలేదు. చప్పుడన్నది లేదు. ఆ మూడు గంటలూ నా కళ్ళ ముందు ఉన్నది వాడి పేరు కాదు, మన కుమారు.

ఇప్పుడు చెప్తాను. నాయన తిట్టినందుకే కుమారు పోయాడని ఊరంతా అన్నది. బావ కూడా "ముసిలాయన నోరే ముంచినాది" అన్నాడు. నాయన ఒక్కరోజు కూడా కాదనలేదు. ఎవరడిగినా "అవునప్పా, నేనే కోప్పడినా" అన్నాడు. అది అబద్ధం.

ఆ రోజు నువ్వు చీరలు ఇవ్వడానికి పుత్తూరు పోయి ఉన్నావు. కుమారు నేసిన చీర తప్పు పడి తిరిగొచ్చింది. నాయన పొద్దున ఒక మాట అన్నాడు, నిజమే, రోజూ అనే మాటే. మధ్యాహ్నం కరెంటు పోయింది. మగ్గాలు ఆగిపోయాయి. నేను నూలు కండెలు చుట్టడం ఆపి మగ్గాల గదిలోకి పోయాను. వాడు ఫోను చూసుకుంటూ నవ్వుతున్నాడు. నాకు ఒళ్ళు మండింది. "నువ్వు ఈ ఇంట్లో ఉండేదానికీ, లేకపోయేదానికీ ఏం తేడా ఉండాదిరా? పోతే పో. నీ పేరు తలుసుకునేవాళ్ళు ఎవురూ లేరు ఈడ" అన్నాను. ఇవే మాటలక్కా, ఒక్కటి కూడా మార్చలేదు. వాడు మేకుకున్న చొక్కా తీసి తొడుక్కున్నాడు. "సరే చిన్నక్కా" అన్నాడు. నేను టీకి పోతున్నాడనుకున్నాను.

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమని అమ్మ ఎన్నిసార్లు చెప్పిందో. ఐరాల దగ్గర బెల్లం గానుగలో కుమారులాంటివాడు ఉన్నాడని ఎవరో చెబితే నాయన పూతలపట్టులో బస్సు మారి పోయాడు కదా. బెల్లం ముద్ద చేతిలో పట్టుకుని ఒక్కడే తిరిగొచ్చాడు. ఆ బెల్లం నువ్వు పొంగలిలో వేశావు. నేను తిన్నాను. అప్పుడు కూడా నోరు విప్పలేదు.

నాయన ఆస్పత్రిలో ఉన్నప్పుడు, నువ్వు మందులకు కిందికి పోయినప్పుడు, నన్ను దగ్గరికి పిలిచాడు. "ఆ పొద్దు నువ్వు వాణ్ణి ఏమన్నావో నాకు ఇనబడలేదు పాపా. మగ్గం సప్పుడు" అన్నాడు.

ఆ పొద్దు కరెంటే లేదక్కా. నాయన తలుపు దగ్గరే ఉన్నాడు, చేతిలో కండెల బుట్టతో. అన్నీ విన్నాడు. నా మాట తన నెత్తిన వేసుకుని పోయాడు. కుమారు మగ్గం మీద చీర కోసినప్పుడు మిగిల్చిన బెత్తెడు పడుగు పోగులను కూడా చచ్చేదాకా ఎవరినీ ముట్టనివ్వలేదు. కొత్త పోగులు అతకాలంటే పాతవి కొంచెమైనా ఉండాలిగా అనేవాడు. అది మగ్గం గురించి అనుకున్నాం మనం.

నువ్వు నన్ను తిట్టు. బావకు చెప్పాలంటే చెప్పు, నాయన మీద పడిన మాట తొలగాలంటే అందరికీ చెప్పాల్సిందే. ఫోనులో మాట్లాడనని అన్నా ఓర్చుకుంటాను. కానీ ఒక్కటి మాత్రం వద్దు. నేను ఒకసారి నోటితో వాడి పేరు తీసేశాను, రెండోసారి సంతకం పెట్టి తీసేయలేను. చనిపోయినట్టు రాయడానికి మనం ఏం చూశామక్కా?

ఆ కాగితం ఫోటో పంపావు కదా, చదివాను. కార్డులో పేరు తీసేయడానికి కారణం రాసేచోట గడులు మూడున్నాయి. చనిపోయినారు, పెండ్లయి పోయినారు, వలస పోయినారు. నా పేరు ఎదురుగా వలస గడిలో టిక్కు పెట్టు. కుమారు పేరు ఎదురుగా కూడా అదే గడిలో పెట్టు. ఆ అమ్మాయి ఏ ఊరని అడిగితే, తెలియదని చెప్పు. నా ఊరి పేరు కూడా నీకు పలకడం రాదు కదా, ఇద్దరిదీ ఒకటే అనుకో. దీనికి నేను ఒప్పుకుంటున్నానని వేరే కాగితం మీద రాసి, సంతకం పెట్టి, ఈ ఉత్తరంతోనే పంపుతున్నాను.

నాయన పోగులు కత్తిరించే చిన్న కత్తెర బీరువాలో ఉంటే, ఎవరైనా ఇటు వచ్చేవాళ్ళ చేతికివ్వు. అత్తకు, పక్కింటి అవ్వకు నా దండాలు. ఆడి కృత్తిక పండక్కి తిరుత్తణి పోయినప్పుడు కావడి మోసేవాళ్ళ ముఖాలు నువ్వు ఏటా చూస్తావని నాకు తెలుసు. ఈసారి నా వంతు కూడా చూడు. కోపం తగ్గాక నన్ను ఒకసారి దీవించు.

నీ చెల్లెలు,
కుమారుకు చిన్నక్క,
వాసంతి