మిన్నీ బే గట్టు నిలిచింది

అమ్మా అబిగేలూ,

గట్టు నిలిచిందమ్మా! దేవుడికి స్తోత్రం! పది రోజుల వాన, పెద్ద పోటు, రెండూ దాటాయి. ఒక్క రాయి కదల్లేదు. ఇక అమ్మను గరాచర్మలో మీ ఇంటి నుంచి ఇక్కడ మన ఇంటికి తీసుకొచ్చేయ్.

ఫోనులో చెబుదామంటే మధ్యలోనే పెట్టేస్తున్నాను, అందుకే రాస్తున్నాను. నీకు తెలుగు చదవడం కష్టం కదా, అమ్మ చేతే చదివించుకో. అందుకనే డాక్టరు మనిద్దరికీ చెప్పిన మాట ఇందులో రాయలేదు.

పోయినేడు ఈ గట్టుకు సిమెంటు గోడ కట్టిస్తుంటే అమ్మ, "ఏమండీ, వాన నీళ్ళు పోవడానికి గోడకు కన్నాలు వదలండి" అంది. "నువ్వు వంట చూసుకో, ఇంజనీరమ్మా" అని నవ్వాను. నీళ్ళు వెనక నిండి గోడను తోసేశాయి. దాంతోపాటు ఆమె వంటిల్లూ సముద్రంలోకి జారిపోయింది. ఈసారి ఇనుప వలల్లో రాళ్ళు పేర్పించి, నీళ్ళు పోవడానికి పైపులు పెట్టించాను. పైన గడ్డి నాటాను. అన్నీ ఆమె చెప్పినట్టే. మంచం కిటికీ పక్కనే వేశాను, పడుకునే సముద్రం చూస్తుంది.

ఆలస్యం చేయకు తల్లీ. చూడ్డానికి వచ్చేవాళ్ళు ఇక మిన్నీ బేకే రావాలని అందరికీ చెప్పు: నెహెమ్యా చిన్నాన్నకి, ఎలీసబెతు అత్తకి, యేసు కుమార్ మావయ్యకి. వైజాగులో మీ పెద్దమ్మకి అందరికన్నా ముందు చెప్పు; ఓడ కోసం ఆగొద్దని, విమానంలో రమ్మని.

మీ నాన్న