అట్ట మీద దీపం

చలపతి సారుకు నమస్తే.

నేను పాల్మాకుల పాటల బృందంల డప్పు కొడ్త. నిన్న మీ షాపుకొస్తే మీరు లేరు. కంప్యూటర్ పక్కన మా సీడీ అట్ట నమూనా కనవడ్డది. అండ్ల మా బృందంల మిగిలిన నలుగురు నవ్వుకుంట నిలవడ్డరు. నేనొక్కన్నే మీద గుండ్రంల ఉన్న. మెడల దండ, కింద దీపం.

సారూ, నేను సచ్చిపోయిన్నని మీకెవరు జెప్పిన్రు?

దండ సంగతి నాకెరుకే. అది మహేశ్వరంల నాకు సన్మానం జేసిననాటి ఫోటో. ఆ ఫోటోల దీపం లేదు. మా శ్రీకాంత్ పెట్టమన్నడా? పాటలు పాడేది ఆయనే, మీ తాన కూసొని అట్ట చేయించింది గూడ ఆయనే. నేను కొత్త ఎయిర్‌పోర్టుల ట్రాలీలు నూకే పనిల చేరినంక మూడు ప్రోగ్రాములకు పోలే. ఇప్పుడు మామిడిపల్లి నుంచి ఇంకో డప్పాయనను తెచ్చుకున్నడు. నా గురించి అడిగినోళ్లకు ఏం జెప్తున్నడో ఇగ సమజైతున్నది. మొన్న బజార్ల ఒకామె నన్ను జూసి ఉలిక్కిపడ్డది.

ప్రోగ్రాములకు పోవుడు మానిన గని పాణం ఇడువలే. ఆ సీడీల మోగేది నా డప్పే.

అచ్చుకు పోకముందే దీపం తీసెయ్యిన్రి. దండ మాత్రం ఉండనియ్యిన్రి. అది బతికున్నోనికేసిన దండ.

ఇట్లు,
మీ అట్ట మీద గుండ్రంల ఉన్నోడు